తొమ్మిదో ఏటి ఉప్పు

ఫాల్గుణ బహుళ తదియ

ఈ దినచర్య యంత్రం తిథి వేస్తే తప్ప రాయనివ్వదు. తారీఖు వేస్తే "కాలం గుర్తించబడలేదు" అంటుంది. మా నాన్న ఉంటే దీన్ని గోడకేసి కొట్టేవాడు. నేను ఉద్యోగిని కాబట్టి తదియ అని వేశాను. జల మండలిలో జీతం తీసుకునే ప్రతి మనిషీ రోజూ ఏం చేశాడో ఇందులో రాయాలి, పైమెట్టులో ఎవరో ఒక పెద్దమనిషి కూర్చుని దాన్ని చదవాలి. సరే, చదువుతున్న పెద్దమనిషీ, నమస్కారం. నా పేరు సమత. యాభై రెండేళ్లు. మట్టిగదిలో పాఠకురాలిని, మబ్బుల మడుగు అడుగు మట్టి చదువుతాను. ఉండేది కొండ కింది వాలులో, దిగువమెట్టులో. నాకు కోపం ఎక్కువని నా ఫైల్లో రాసుంటుంది. నిజమే, కొట్టెయ్యకండి.

పొద్దున్నే తూము దగ్గర క్యాన్లు పెట్టి నిలబడ్డాను. నీళ్లు చిటికెన వేలంత లావున వస్తున్నాయి. నా ముందు నూకరత్నం పిన్ని. "ఈ నీళ్లు పట్టుకుని ఇంటికెళ్లేసరికి నాకు పట్టే సెమటే ఎక్కువుంటది" అంది. వరసంతా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఏమ్మా సమతా, ఈ ఏడు మాకేం రాసిపెట్టారు మీ ఆఫీసోళ్లు?"

"రాసేది ఆఫీసోళ్లు కాదు పిన్నీ. పంచాంగం."

"దాని సేత రాయించేది?"

నేను క్యాను ముందుకి జరిపాను. ఈ ఏటి పంచాంగం చిత్తుప్రతి నిన్న సాయంత్రమే నా బల్ల మీదికొచ్చింది.

పంచాంగం అంటే పైమెట్టులో కొండ దొలిచి కూర్చోబెట్టిన మహాయంత్రం. వానలు, ఎండలు, ఎవరి తూము ఎన్ని రోజులు తెరవాలి, అన్నీ అదే చెబుతుంది. ఉగాది రోజున మడుగు ఒడ్డున అందరి ముందూ చదువుతుంది. పాత పంచాంగాల్లో రాశులకి ఆదాయవ్యయాలు చెప్పినట్టు ఇది మెట్లకి చెబుతుంది. ఈ ఏడు దిగువమెట్టుకి ఆదాయం సున్న, వ్యయం పద్నాలుగు. రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు. ఆ ఒక్క రాజపూజ్యం ఎందుకిచ్చారో నాకు అర్థం కాలేదు.

కారణం కూడా రాసింది. మబ్బుల మడుగు తొమ్మిదేళ్లకోసారి ఎండిపోయి ఉప్పుతేలడం ప్రకృతి సిద్ధమట. మడుగు అడుగున పొరల్లో అలాంటి ఎండు ఏళ్లు వరసగా కనిపిస్తున్నాయట. వచ్చేది తొమ్మిదో ఏడు. కాబట్టి ఉగాది నాడు దిగువ తూము మూసేస్తారు. మమ్మల్ని కిందకి, ఉప్పుబయలు అంచున డేరాల్లోకి పంపిస్తారు. సముద్రం డెల్టాని మింగినప్పుడు మా ముత్తాతలు ఎక్కడినుంచి పారిపోయి వచ్చారో అక్కడికే. తప్పెవరిదీ కాదు, కాలానిది.

వాగు మీద పదకొండేళ్ల కిందట సొరంగం తవ్వింది కాలమేనా? మడుగులోకి దిగాల్సిన నీళ్లని పంచాంగం ఒళ్లు చల్లార్చడానికి మళ్లించింది కాలమేనా? కరువు వస్తుందని చెప్పే యంత్రమే ఆ నీళ్లు తాగుతోంది. తాగి, వేడెక్కించి, కొండ అవతల మీ తోటల్లోకి వదులుతోంది. చిత్తుప్రతిలో ఆ మాట ఒక్క చోటా లేదు.

చట్టం ప్రకారం దాని కింద మనిషి వేలిముద్ర కావాలి. మట్టిగది పాఠకురాలి వేలిముద్ర. అంటే నాది.

పంచమి

వెయ్యలేదు. పొరలు నా కళ్లతో చూడాలన్నాను. యంత్రం చూసింది కదా అన్నారు. యంత్రానికి వేలు లేదు, నాకుంది అన్నాను.

మడుగు నడిమధ్య, అన్నిటికన్నా లోతైన చోట గొట్టం దింపి తీసిన మట్టి కడ్డీ మా గదిలో తడిగుడ్డ చుట్టుకుని పడుకుని ఉంటుంది. పొడుగ్గా, నల్లగా, చీలికలు చేస్తే ఏడాదికో సన్నటి గీత. ఆ మట్టిలో డయాటమ్‌లు ఉంటాయి. కంటికి ఆనని నాచు. ప్రతిదానికీ గాజు చిప్ప ఉంటుంది. నాచు చచ్చినా చిప్ప చావదు. యాసిడ్‌లో మరిగించి మట్టి పోగొడితే చిప్పలే మిగులుతాయి. ఏ నీళ్లలో ఏ రకం బతుకుతుందో తెలుసు కాబట్టి చిప్పలు చూసి ఆ ఏడు మడుగు ఎలా ఉందో చెప్పొచ్చు. లోతుగా ఉంటే నీళ్ల మధ్య తేలే గుండ్రటివి. వాటిని నేను బొత్తాలు అంటాను. మడుగు తగ్గితే రాళ్లకి అతుక్కునే పడవలు. ఉప్పునీళ్లయితే వంకర కొడవళ్లు. శాస్త్రం పేర్లు వేరే ఉన్నాయి, మీకవి అనవసరం.

ఎండు పొర అని యంత్రం గుర్తుపెట్టినవాటిని తీసి చూశాను. కొడవళ్లు ఉన్నాయి, పుష్కలంగా. అయితే వాటి పక్కనే బొత్తాలు కూడా ఎప్పట్లాగే నిండుగా ఉన్నాయి. మడుగు ఎండితే ముందు పోవాల్సింది బొత్తాలే. తర్వాత పడవలు పెరగాలి. ఆ తర్వాతెప్పుడో ఉప్పు రకాలు మెల్లిగా రావాలి, మెల్లిగా పోవాలి. ఇక్కడ కొడవళ్లు రాత్రికి రాత్రి ఊడిపడ్డాయి, పై పొరలో ఒక్కటి లేదు. పైగా సగం విరిగి ఉన్నాయి, పిండిమరలో పడ్డట్టు.

డైరెక్టర్ పరాంకుశం గారికి చూపించాను. ఆయన మర్యాదస్తుడు. చేతులు కట్టుకుని విన్నారు.

"యంత్రం ఈ అసంబద్ధతను పరిగణనలోకి తీసుకుందండీ, సమత గారూ."

"తీసుకుని ఏం చేసింది?"

"సగటులో కలిపింది."

"మడుగు ఒక రాత్రి ఎండి మర్నాడు నిండుతుందాండీ? దానికేమన్నా ఏకాదశి ఉపవాసమా?"

"మీరు పొరని చూస్తున్నారు, యంత్రం చక్రాన్ని చూస్తోంది" అన్నారు. ఎంత బాగా చెప్పారు. నిలబడే చెప్పారు, గోరువెచ్చటి నీళ్ల గ్లాసు పట్టుకుని.

సప్తమి

కడ్డీలో ఇంకా కింది పొరలు తీసి చూశాను. తొంభై ఏళ్ల కింది పొరల దాకా తొమ్మిదేళ్లకోసారి కొడవళ్ల పట్టీ ఉంది. అక్కడితో ఆగిపోయింది. ఆ కింద వందల ఏళ్ల మట్టిలో ఒక్కటి లేదు. బొత్తాలు, పడవలు, అప్పుడప్పుడూ కాస్త వానలు తక్కువైన గుర్తులు, అంతే. ఈ మడుగు ఆ కాలమంతటిలో ఒక్కసారీ ఎండలేదు.

తొంభై ఏళ్ల కిందట ఏమైంది? సముద్రం వచ్చింది. జనం కొండెక్కారు. ముందు డబ్బున్నవాళ్లు పైమెట్టుకి, తర్వాత మావాళ్లు దిగువకి. ఈ కొండ ఎవరిదో వాళ్లనెవరూ అడగలేదు, మేమూ అడగలేదు. మేమొచ్చిన నాటినుంచీ ఈ చక్రం మొదలైందంటే, పెద్దమనిషీ, ప్రకృతికి మా మీద అంత ప్రత్యేకమైన శ్రద్ధ ఎందుకంటారు?

మధ్యాహ్నం ఒక విరిగిన కొడవలికి ఎర్రటి రేణువు అతుక్కుని కనిపించింది. యాసిడ్‌కీ పోలేదు. పక్క స్లైడ్‌లో ఇంకోటి. ఆ ఎరుపు నాకు తెలుసు. పోయిన పెద్ద పండగలో నా చేతిలో కరపత్రాల కట్ట మీదా నా నెత్తి మీదా ఎవడో గుప్పెడు గుమ్మరించాడు. నా జుట్టులోంచి పోవడానికి నాలుగు తలంట్లు పట్టింది.

సిందూరం.

కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వాను. తర్వాత ఒళ్లు మండిపోయింది.

ఇరవై ఏళ్లుగా మడుగు ఒడ్డున నిలబడి వినాయక నిమజ్జనం వద్దని అరుస్తున్నదాన్ని నేను. ఏటా చిన్న బొమ్మ, ఇక్కడి ఎర్రమట్టితో. తొమ్మిదేళ్లకోసారి పెద్ద పండగ. దానికి మాత్రం మావాళ్లు కిందకి దిగి, పోటు తగ్గినప్పుడు తేలే పాత ఊరి దిబ్బ మీదనుంచి ఉప్పుటేటి బంకమట్టి తెస్తారు. తల్లిమట్టి అంటారు. దాన్ని కాళ్లతో తొక్కి, మెదిపి, నిలువెత్తు విగ్రహం చేసి, సిందూరం పూసి, తెప్ప మీద మడుగు నడిమధ్యకి తీసుకెళ్లి లోతైన చోట వదులుతారు. మేము గొట్టం దింపేదీ అక్కడే. దేవుణ్ణి ముంచేవాళ్లకీ మట్టి తీసేవాళ్లకీ లోతే కావాలి మరి.

మీ పైమెట్టులో వినాయకుణ్ణి స్టీలు గంగాళంలో ముంచి, ఆ నీళ్లు తులసికోటలో పోస్తారు. అందుకే యంత్రానికి పాఠం చెప్పినవాడికి ఈ సంగతి తట్టలేదు. కింద మనుషులున్నారనీ, వాళ్లకో పండగుందనీ, ఆ పండగ మట్టి కూడా మడుగు అడుగుకే చేరుతుందనీ. ఉప్పు కనిపించిందా, కరువు రాసుకో. మా దేవుణ్ణి మీరు కరువని చదివారు.

అష్టమి

రుజువు కావాలంటే తల్లిమట్టి కావాలి. అది భద్రయ్య బాబాయ్ దగ్గరుంది.

కొల్లాటి భద్రయ్య అంటే పండగ కమిటీ పెద్ద, నూకరత్నం పిన్ని మొగుడు, నాకు ఇరవై ఏళ్ల శత్రువు. వెళ్లేసరికి అరుగు మీద వల అల్లుతున్నాడు. తలెత్తలేదు.

"నాస్తికురాలు మన గుమ్మం తొక్కింది, పసుపునీళ్లు సల్లవే" అన్నాడు.

"తాగడానికి లేవు గానీ సల్లడానికంట" అని లోపల్నుంచి పిన్ని. "కూకోమ్మా. ఆయనకి నువ్వంటే బయ్యం, అందుకే కసురుకుంటాడు."

విషయం చెప్పాను. మొత్తం విన్నాడు. వల పక్కన పెట్టాడు.

"అంటే మేం సేసే పండగ వల్ల మా తూము మూసేత్తన్నారంటావ్."

"పండగ వల్ల కాదు బాబాయ్. పండగని కరువని చదివినందువల్ల."

"ఇరవయ్యేళ్ల బట్టీ మడుగు పాడైపోద్ది, మానెయ్యండి మానెయ్యండి అని మా సెవులు తినేశావ్. ఇప్పుడు మా మట్టి కావాల్సొచ్చిందా?"

"అప్పుడన్నదీ నిజమే, ఇప్పుడంటున్నదీ నిజమే. రంగులు పొయ్యొద్దన్నాను. మిమ్మల్ని డేరాల్లో పడెయ్యమని అన్లేదు."

"సిటికెడు చాలా?"

"చాలు."

లోపలికెళ్లి రాగిబిందె తెచ్చాడు. తడిగుడ్డలో కొబ్బరికాయంత ముద్ద. బూడిదరంగు మట్టి. అరుగు నిండా వాసన వచ్చింది, బురద, పీత, ఉప్పు.

"పోయినసారి మట్టి తెచ్చేక దిబ్బ మునిగిపోయింది. పోటు తగ్గినా ఇంక తేలదు. ఇదే ఆకరు. వచ్చే భాద్రపదంలో పెద్ద పండగకి ఇది కలిపి సేద్దామని దాసేను. ఉప్పుటేరుగట్టు అనే ఊరు ఈ లోకంలో ఇంక ఇంతే ఉంది. దీన్ని నువ్వు యాసిడ్లో ఉడకబెడతానంటున్నావ్."

"అవును."

"ఎళ్లమ్మా" అన్నాడు. గుడ్డ మూసేశాడు.

దారంతా తిట్టుకుంటూ వచ్చాను. ఆయన్ని, ఆ ముద్దని, గుప్పెడు మట్టికి కాపలా కాస్తూ ఊరి జనాన్ని వదులుకునే భక్తిని. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, మా అమ్మమ్మదీ ఉప్పుటేరుగట్టే. అయినా కోపం తగ్గలేదు.

దశమి

తూము దగ్గర పోట్లాట. చివరి వరసలో వాళ్లకి నీళ్లందలేదు. ఒకామె ఖాళీ క్యాను నా కాళ్ల దగ్గరకి విసిరి, "మీ ఆఫీసుకి పట్టుకుపోండి, యంత్రానికి దాహమేస్తదంట కదా" అంది. తీసి చేతికిచ్చాను. ఆమె కోపం తప్పు మనిషి మీద పడింది, కానీ తప్పు కోపం కాదు.

పదింటికి మట్టిగది తలుపు దగ్గర భద్రయ్య బాబాయ్. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు. వెనక పిన్ని.

"రాత్తిరి కూడెట్టలేదు నాకు" అన్నాడు పిన్నిని చూపిస్తూ.

"డేరాల్లోకెళ్లాక ఎలాగూ ఉండదు, అలవాటు సేసుకోమన్నాను" అంది పిన్ని.

తువ్వాలు కొసన ముడి విప్పాడు. చింతగింజంత మట్టి. "ఒక షరతు. నాకూ సూపించాలి."

సాయంత్రానికి స్లైడ్ తయారైంది. స్టూలు మీద కూర్చోబెట్టి మైక్రోస్కోప్ సర్దాను. ఒక కన్ను మూసుకోమంటే రెండూ మూసుకున్నాడు. పిన్ని నెత్తిన మొట్టింది. అప్పుడు చూశాడు.

కొడవళ్లు. ఒంటినిండా సన్నటి గీతలు, కాంతి తగిలినచోట నీలం, బంగారం. పండగ పొరలోవి కాళ్ల కింద నలిగి విరిగాయి. ఇవి నిండుగా ఉన్నాయి.

"ఇయ్యన్నీ మా ఏట్లోవా?"

"అవును బాబాయ్."

"మా తాత ఈతకొట్టిన నీళ్లల్లో?"

"ఆ నీళ్లల్లోనే."

ఆయన కన్ను తియ్యలేదు. పిన్ని తన వంతు అడిగి, లేవకపోతే పక్కకి తోసి చూసింది. "ముక్కుపుడకల కొట్టులా ఉందే" అంది. నేను కిటికీ దగ్గరకెళ్లి నిలబడ్డాను. నాకు ఇలాంటివి సరిపడవు.

ద్వాదశి

సరిపోయింది. తల్లిమట్టి, పండగ పొరలు, రకం రకానికీ ఒకటే. సిందూరం తీసి, పండగ మట్టి తీసి లెక్కేస్తే ఆ తొంభై ఏళ్లలో మడుగు ఎండిన ఏడు ఒక్కటీ లేదు. కానీ ఇంకొకటుంది. కడ్డీ పైకొసన, సొరంగం తవ్విన ఏటినుంచీ, బొత్తాలు తగ్గుతూ పడవలు పెరుగుతున్నాయి. మడుగు నిజంగానే తగ్గుతోంది. చక్రం కాదు, మొన్న మొదలైంది. కారణం కొండలో గుర్రుపెడుతూ కూర్చుంది.

పరాంకుశం గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు, మెచ్చుకున్నారు కూడా. తర్వాత ఇలా మాట్లాడారు. నేను మాట పొల్లుపోకుండా రాస్తున్నాను, ఎందుకంటే రేపు అనలేదంటారు.

"చాలా ఆసక్తికరం. అయితే చిటికెడు నమూనా చెల్లదండీ. ఆ మట్టి యావత్తూ మండలి భద్రతలో జమ చెయ్యాలి. పరీక్షకి రెండేళ్లు. ఈలోగా నిమజ్జనం నిషేధించక తప్పదు, మడుగు చరిత్రని పాడుచేస్తోందని మీరే అంటున్నారుగా. మీ పాత కరపత్రాలు కూడా మా దగ్గరున్నాయి, వాటిని ఉటంకిస్తాం."

"మరి తూము?"

"తూము సంగతి పంచాంగం చూసుకుంటుంది."

"రెండేళ్లు తూము మూసి పరీక్ష చేస్తారా? చచ్చినవాడికి జ్వరం చూస్తారా?"

"మీరు ఉద్వేగంలో ఉన్నారు."

ఉన్నాను. ఉద్వేగం లేనివాళ్లు ఎవరో నాకు తెలుసు, ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొచ్చేవాళ్లు. నా కోపాన్ని జబ్బు కింద లెక్కేసి, మీ చల్లదనాన్ని జ్ఞానం కింద లెక్కేసే ఈ లెక్క ఏ పంచాంగంలో రాసుంది? నా నోటితో నేనన్న మాటని నా జనం మెడకే ఉరితాడు చేస్తారా?

ఈ మాటలన్నీ అక్కడే అన్నాను. సాయంత్రానికి నన్ను ఉద్యోగం నుంచి తప్పించారు. నా స్థానంలో కూర్చోబెట్టిన పైమెట్టు గుమస్తా ఒకాయన వేలిముద్ర వేశాడట. మైక్రోస్కోప్ జీవితంలో చూడలేదు, పాపం, వేలు మాత్రం శుభ్రంగా ఉందట.

దినచర్య యంత్రం వెనక్కి తీసుకోవడం మర్చిపోయారు. కాబట్టి రాస్తాను.

అమావాస్య

భద్రయ్య బాబాయ్, నూకరత్నం పిన్ని భోజనానికొచ్చారు. ఎండుచేపల పులుసు. ఉప్పెక్కువైందన్నాడు బాబాయ్. రేపు ఉగాది కదా, ఏటా చేసినట్టే దిగువమెట్టు పెద్దగా మట్టిపళ్లెం ఆయనే పట్టాలి. చదువు మొదలయ్యే ముందు మడుగు బురద దోసెడు పళ్లెంలో పెట్టి పంచాంగం నోటికి అందించే మర్యాద మాకిచ్చారు మీరు. అంతా మా ఇష్టపూర్తిగానే జరిగిందని తర్వాత మీరనడానికి. ఆ మర్యాదకి లోటు రానివ్వనని బాబాయ్ అన్నాడు.

పెద్దమనిషీ, ఈరోజుకి ఇంతకన్నా విశేషాలు లేవు. హాయిగా నిద్రపోండి.

చైత్ర శుద్ధ పాడ్యమి

మడుగు ఒడ్డున షామియానాలు. పైమెట్టువాళ్లకి కుర్చీలు, మాకు పచ్చిక. వేపపువ్వు పచ్చడి దొన్నెల్లో పంచారు. తూము దగ్గర కాపలావాళ్లు తాళాలతో సిద్ధంగా ఉన్నారు. మడుగు తగ్గిందన్నమాటే గానీ, పొద్దుటి ఎండకి నీళ్లు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి.

పంచాంగం నోరంటే ఒడ్డున మందిరంలా కట్టిన ఇత్తడి గూడు. అందులో బురద పెడితే లోపల ఉడికించి, కడిగి, చిప్పలు చదివి, ముందు మడుగు స్థితి చెబుతుంది. తర్వాత ఏడాది ఫలం.

భద్రయ్య బాబాయ్ పళ్లెం పట్టుకుని లేచాడు. పళ్లెం మీద తడిగుడ్డ. నాదస్వరం మొదలైంది. గూడు ముందు నిలబడి గుడ్డ తీశాడు. కొబ్బరికాయంత బూడిదరంగు ముద్ద. ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్లకి వాసన తెలిసిపోయింది. ఒకాయన లేచి నిలబడ్డాడు, తర్వాత ఇంకొకామె, తర్వాత దిగువమెట్టు మొత్తం. పైమెట్టువాళ్లు ఇదేదో కొత్త భక్తి అనుకున్నారు.

సగం పెడితే చాలని నిన్న నేను చెప్పాను. రాస్తే మీరు చదువుతారని రాయలేదు. "సగం ఇత్తే సగమే నమ్ముతారు" అన్నాడు బాబాయ్. ముద్దని రెండు చేతులా ఎత్తాడు. నుదుటికి ఆనించుకున్నాడు. మొత్తం గూట్లో పెట్టాడు.

గూడు మూసుకుంది. లోపల మరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడులో ఉప్పుటేరుగట్టు పోతోందని మాకు తెలుసు. నూకరత్నం పిన్ని నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా.

పంచాంగం గొంతు చాలా బాగుంటుంది. సంగీతం నేర్చుకున్న ఆడమనిషి గొంతు. అందరికీ శుభాకాంక్షలు చెప్పి, మడుగు స్థితి చదివింది.

"మబ్బుల మడుగులో నీరు లేదు. మడుగు సంపూర్ణంగా ఎండినది. అడుగున ఉప్పు పేరుకున్నది. మడుగు గర్భమున సంచారము సురక్షితము."

అందరి తలలూ మడుగు వైపు తిరిగాయి. అక్కడ కొంగ ఒకటి ముక్కు ముంచి చేపని పైకి తీసింది.

నవ్వు మా పచ్చికలో మొదలై కుర్చీల దాకా పాకింది. నూకరత్నం పిన్ని చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, "సురక్షితమేనంట, పరాంకుశంగారూ, మీరు ముందు నడవండి, మీ యెనకాల మేం" అంది.

పరాంకుశం గారు మైకు దగ్గరకొచ్చారు. మొదటిసారి ఆయన మర్యాద చెదరడం చూశాను.

"ఇది మోసం. ఆ మట్టి ఈ మడుగుది కాదు."

"కాదండి" అన్నాడు బాబాయ్. చేతులు ఇంకా మట్టిగా ఉన్నాయి. "ఇది మా ఊరి మట్టి. తొంబయ్యేళ్లనాడు కొండెక్కిన కాడ్నించీ తొమ్మిదేళ్లకోసారి మా సామిని సేసి ఈ మడుగులో కలిపేది ఇదే. దీన్ని సూసే కదా మీ యంత్రం కరువన్నది. తేడా తెలుస్తదేమో సూద్దామని పెట్టాం. తెల్లేదు."

నేను పచ్చికలోంచే మాట్లాడాను. మైకు ఇవ్వలేదు, అవసరమూ లేదు, ఇరవై ఏళ్లు ఈ ఒడ్డునే అరిచిన గొంతు. చెప్పింది ఒక్కటే. "ఈ యంత్రం చెప్పింది నిజమైతే మడుగులో నడిచి చూపించండి. అబద్ధమైతే తూముకి తాళం వెయ్యకండి. మూడో దారి లేదు."

కాపలావాళ్లు తూము వైపు చూశారు. అప్పటికే మా ఆడవాళ్లు వెళ్లి తూము చెక్క దిగే గాడి మీద వరసగా కూర్చున్నారు, ఖాళీ క్యాన్లు ఒళ్లో పెట్టుకుని. చెక్క దింపాలంటే వాళ్లని లేపాలి. కాపలావాళ్లలో ఇద్దరు దిగువమెట్టు పిల్లలే. వాళ్లు తాళాలు జేబులో వేసుకున్నారు.

ఏడాది ఫలం ఎవరూ వినలేదు. పంచాంగం మాత్రం ఆదాయం సున్న, వ్యయం పద్నాలుగు అంటూ తీయగా చదువుకుంటూ పోయింది.

విదియ

మండలి ప్రకటన వచ్చింది. "సాంకేతిక అంతరాయం" అట. దిగువ తూము "ప్రస్తుతానికి" తెరిచే ఉంచుతారట. మట్టిపొరల మీద ఒక సంఘం, సొరంగం మీద ఇంకో సంఘం. మొదటి సంఘానికి అధ్యక్షులు పరాంకుశం గారు. సిగ్గు అనే పదార్థానికి కూడా మీరు సొరంగం తవ్వి ఎటో మళ్లించేసినట్టున్నారు.

సంఘాలు ఏం తేలుస్తాయో నాకు తెలుసు. అందుకే తూము మీదనుంచి ఎవరూ లేవలేదు. వంతులేసుకున్నాం. రేపట్నుంచి సగం మంది సొరంగం మూతి దగ్గరకి నడుస్తారు. ఏ రోజు ఎవరు ఎక్కడ కూర్చుంటారో మీకోసం రాసి పెట్టాల్సింది, కానీ నేను ఉద్యోగిని కాదుగా.

నా వంతు పూర్తి చేసుకుని వస్తూ భద్రయ్య బాబాయ్ ఇంటి ముందు ఆగాను. అరుగు మీద రాగిబిందె బోర్లించి ఉంది. ఆయన వల అల్లుతున్నాడు.

క్షమించమని అడగడం నాకు చేతకాదు, అడిగితే ఆయనకి నచ్చదు.

"పెద్ద పండగకి ఏం చేస్తావు బాబాయ్?"

"ఈ మడుగు మట్టి తీత్తాం. నల్లగా ఉంటాడు సామి, ఉంటే ఉన్నాడు. తొంబయ్యేళ్లయ్యింది వచ్చి, ఇంకా సుట్టాల్లా ఎంతకాలం ఉంటాం." వల దారం పళ్లతో తెంపాడు. "కరపత్రాలు పంచుతావా?"

"సిందూరం పూస్తే పంచుతాను."

"పంచు. పంచడం అయ్యేక పంచె ఎగ్గట్టి రా, మట్టి తొక్కడానికి మనుషులు సాలరు."

"పంచె నీకు బాబాయ్. నాది చీర."

"ఏదో ఒకటి ఎగ్గట్టి రా" అన్నాడు, తలెత్తకుండానే.